గిన్నె మీద పేరు, కార్డు మీద పేరు

మాఘమాసం ముహూర్తాలకు ముందు కనగల్ నుంచి ఒక అన్న, చెల్లెలు మా షాపుకు వచ్చారు. పెళ్లి చెల్లెలిది. కూర్చోకముందే ఫోన్ తీసి ఒక ఫొటో చూపించింది. ఎవరిదో హైదరాబాద్ పెళ్లి కార్డు. మీగడ రంగు కాగితం మీద బంగారు రంగులో ఇంగ్లీషులో రెండు పేర్లు, అంతే. అక్షరాలు పట్టుదారం పోగుల్లా ఉన్నాయి. మొదటి అక్షరం తోక సాగి, రెండో పేరు కిందుగా పోయి, అక్కడ ఒక మెలిక తిరిగి ఆగింది. ఎవరు చూసినా బాగుందనే అంటారు. నేనూ అన్నాను.

“అక్కా, మాకు గిట్లనే కావాలె. కాకపోతే తెలుగుల కావాలె. మా నాయినకు ఇంగ్లీషు రాదు,” అన్నది.

నల్లగొండలో ఇరవై రెండేళ్లుగా డీటీపీ చేస్తున్నాను. ఈ మాట ఇప్పుడు సీజన్‌లో రోజుకొకరు అంటున్నారు. ఇన్నాళ్లూ “చూద్దాం లేమ్మా” అని, ఉన్న ఫాంట్లలో అన్నిటికన్నా సన్నదాన్ని వెతికి, కొంచెం వాల్చి, చివర ఒక తీగ బొమ్మ అతికించి ఇచ్చేదాన్ని. వాళ్లు సంతోషంగానే తీసుకుపోయేవాళ్లు. నాకే మనసొప్పేది కాదు. ఈసారి ఆ అమ్మాయికి ఉన్నమాట చెప్పాను. “ఈ ఫొటోలో ఉన్నట్టు తెలుగులో రాదమ్మా, తెచ్చినా బాగుండదు. తెలుగుకు తన నాజూకు తనకుంది. నాలుగు రోజులు టైమివ్వు, చూపిస్తాను,” అన్నాను. అన్న కొంచెం అనుమానంగా చూశాడు గానీ చెల్లెలు సరేనన్నది.

ముందు ఆ ఇంగ్లీషు అక్షరం సంగతి చెప్పాలి. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అది ఒక పనిముట్టు నుంచి పుట్టిన అందం. ఈక కలం, ఆ తర్వాత వచ్చిన సన్నమొన ఉక్కు పాళీ, రెండింటి గుణం ఒకటే. కిందికి గీసేటప్పుడు నొక్కితే మొన విచ్చుకుని గీత లావవుతుంది. పైకి పోయేటప్పుడు వదిలేస్తే వెంట్రుకంత అవుతుంది. 18వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో రాత నేర్పే గురువులు దీన్ని ఒక విద్యగా సాధన చేశారు. జార్జ్ బిక్‌హామ్ అనే ఆయన వాళ్ల రాతలను రాగిరేకుల మీద చెక్కి 1733 నుంచి 1741 దాకా భాగాలు భాగాలుగా అచ్చు వేశాడు. రాగిరేకు మీదికి ఎక్కింది కాబట్టి ఆ తీరుకు కాపర్‌ప్లేట్ అనే పేరు నిలిచింది. ఇప్పుడు మన ఫోన్లలోకి వస్తున్న పెళ్లి కార్డు ఫాంట్లలో చాలావాటికి తాత అదే. కంప్యూటర్లు వచ్చాక ఆ చేతిని ఫాంటులోకి తేవడానికి కూడా గట్టివాళ్లు కూర్చున్నారు. 1998లో హెర్మన్ జాఫ్ అనే జర్మన్ కళాకారుడి రాత నుంచి వచ్చిన జాఫినో ఫాంటులో ఒకే అక్షరానికి పలు రూపాలున్నాయి. మనిషి రాస్తే ఏ రెండు అక్షరాలూ ఒక్కలా రావు కదా, అందుకని.

అయితే ఆ అందంలో గీత సగమే. మిగతా సగం ఖాళీ. ఇంగ్లీషు చిన్న అక్షరాలు చాలావరకు నడుమ వరుసలోనే ఉంటాయి. వాటి పైన ఖాళీ, కింద ఖాళీ. తోక ఎంత సాగినా అడ్డు తగిలేది పెద్దగా ఉండదు.

తెలుగులో ఆ ఖాళీ ఎక్కడుంది? పైన తలకట్టు, గుడి, గుడిదీర్ఘం, ఎత్వం, ఏత్వం. కింద ఒత్తులు. జ్యోత్స్న అని ఒకసారి కాగితం మీద రాసి చూడండి. త కింద స ఒత్తు, దాన్ని ఆనుకుని న ఒత్తు. లక్ష్మి అని రాస్తే క్ష మీద గుడి, కింద మ ఒత్తు. ఇంత సంసారం ఉన్న ఇంట్లోకి ఆ ఇంగ్లీషు తోకను తెస్తే అది ఒత్తుల్లో చిక్కుకుంటుంది. తోకకు చోటు చేయాలని కొందరు ఒత్తులను చిన్నవి చేస్తారు. అప్పటికే సన్నగా ఉన్న గీత, దానికి తోడు చిన్న ఒత్తు. అచ్చులో అది ఎగిరిపోతే పేరే మారిపోతుంది. సింధు కాస్తా సిందు అవుతుంది. థ పొట్టలో చుక్క పోతే ధ అవుతుంది.

ఇక వాలు. ఇంగ్లీషు అక్షరాల్లో నిలువు గీతలు ఎక్కువ. వాటిని కుడికి వంచితే నడుస్తున్నట్టు ఉంటాయి. మన ర, ద, ల, ఠ గుండ్రనివి. వంచితే నడవవు, ఒరిగిన కుండల్లా ఉంటాయి. మా దగ్గరికి మహిళా సంఘాల పుస్తకాలు జిరాక్స్‌కు వస్తాయి. ఐదో తరగతో ఏడో తరగతో చదివిన వాళ్లు రాసిన పద్దులు. ఆ రాతల్లో అక్షరం పెద్దగా వాలదు, కుదురుగా కూర్చుంటుంది. తెలుగు చెయ్యి సహజంగా పోయే దారి అదని నాకు గట్టి నమ్మకం.

గొలుసుకట్టు లేదా అని అడిగేవాళ్లుంటారు. ఉంది. పాత దస్తావేజుల్లో, లెక్కల పుస్తకాల్లో కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం కలుపుతూ రాసిన రాత అది. పొడుగ్గా పారే ఏటిలా ఉంటుంది, నాకూ ఇష్టమే. కానీ అది వేగం కోసం పుట్టింది, రాసేవాడికీ ఆ పనిలో ఉన్నవాళ్లకీ తెలిస్తే చాలు. ఇవాళ దాన్ని చదవగలిగినవాళ్లను వెతికి పట్టుకోవాలి. పెళ్లికి రమ్మని పిలిచే కాగితానికి అది పనికిరాదు.

నాకు ఈ పట్టుదల ఊరికే రాలేదు. ఒకసారి పెద్ద తప్పు చేశాను. పదేళ్లు దాటింది. దేవరకొండ వైపు వాళ్ల పెళ్లి, ఆరు వందల కార్డులు. పేర్లు మాత్రమే కాదు, తేదీ, ముహూర్తం, ఫంక్షన్ హాలు అడ్రసు అన్నీ ఒకే సన్న ఫాంటులో పెట్టి గోల్డ్ ఫాయిల్ వేయించాను. స్క్రీన్ మీద అద్భుతంగా ఉంది. ఫాయిల్ సంగతి ఏమిటంటే, వేడి బ్లాకు నొక్కినప్పుడు రేకు కాగితానికి అంటుకోవాలి. గీత మరీ వెంట్రుకలా ఉంటే అక్కడక్కడా అంటదు. స్క్రీన్ ప్రింటింగ్‌లో బంగారు రంగు వేసినా ఇదే బాధ. ఆ రంగులో లోహపు పొడి పలుకులు పెద్దవి కాబట్టి జాలీ కాస్త వదులుది వాడాలి, వదులు జాలీలో సన్న గీత నిలవదు. ఆ కార్డుల్లో 18వ తేదీలోని ఎనిమిదికి ఎడమవైపు సన్నగీతలు ఊడిపోయాయి. చాలా కార్డుల్లో అది 13లా కనబడింది. వారం పేరు పక్కనే ఉంది, నిజమే. కానీ అదీ ఆ సన్న ఫాంటులోనే ఉంది.

పెండ్లికూతురి మేనత్త, ఆమె భర్త, ఇద్దరూ డెబ్బై దాటినవాళ్లు, 13వ తేదీ పొద్దున బస్సు దిగి, ఎత్తుబియ్యం మూటతో తాళం వేసిన ఫంక్షన్ హాలు ముందు నిలబడ్డారు. పెండ్లికూతురి తండ్రి ఆ రోజంతా కూర్చుని ఇంటింటికీ ఫోన్లు చేసుకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. డబ్బు తీసుకోనంటే బలవంతంగా చేతిలో పెట్టి పోయాడు. ఆ మూట సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది. అప్పటి నుంచి తేదీ, టైము, ఊరు పేరు, ఫోన్ నంబరు నా చేతి మీదుగా సన్న ఫాంటులో పోలేదు. ఎవరు ఎంత అడిగినా పోనివ్వను.

మరి తెలుగు నాజూకు ఎక్కడుంది అంటారా? మీ వంటింట్లోకి పోయి ఒక స్టీలు గిన్నె తీసి వెలుతురులో తిప్పి చూడండి.

మన దగ్గర గిన్నె కొంటే పేరు కొట్టించాల్సిందే. పెళ్లికి పెట్టిన సామాను, సీమంతానికి పంచిన గిన్నెలు, పెద్దకర్మ నాడు చేతిలో పెట్టిన గ్లాసులు, అన్నింటి మీదా పేరు, తేదీ, ఊరు. పూర్వం ఇత్తడి బిందెల మీద చిన్న ఉలితో, సుత్తితో చుక్కలు చుక్కలుగా కొట్టేవాళ్లు. మా నాయనమ్మ బిందె మీద ఆమె పేరు అలాగే ఉంది, వేలితో తడిమితే తగులుతుంది. తర్వాత కరెంటు మిషను వచ్చింది. లావు పెన్నులా ఉంటుంది, జుమ్మని మోగుతూ సూది మొన అదురుతుంది. ప్రకాశం బజార్ వైపు సామాన్ల దుకాణాల ముందు దాంతో పేర్లు రాసే ఒక పెద్దాయన నాకు చిన్నప్పటి నుంచి ఎరుక. కాకా అని పిలుస్తాను. ముందు పెన్సిల్ గీత ఉండదు, కొలత ఉండదు. ఒళ్లో గిన్నె పెట్టుకుని, ఎడమ చేత్తో తిప్పుతూ, వంపు మీద అక్షరాలు పేర్చుకుంటూ పోతాడు. రద్దీ రోజున గంటలో వంద గ్లాసులు అయిపోతాయి.

ఆయన శ్రీ రాసేది దగ్గరగా కూర్చుని చూశాను. ముందు శ ఒళ్లు, ఎడమ నుంచి మొదలై ఒక పొట్ట, ఒక మడత. ఆ చివర నుంచి మొన ఎత్తకుండా పైకి పోయి గుడి తిప్పి, దీర్ఘానికి చిన్న కొండి విడుస్తాడు. అప్పుడు ఒక్క క్షణం మొన లేస్తుంది. ఆ తర్వాత కుడి నుంచి కిందుగా క్రావడి, అంటే ర ఒత్తు, వస్తుంది. అక్షరం మొత్తాన్ని అరచేత్తో కింద నుంచి పట్టుకున్నట్టు ఎడమ దాకా పోయి, అక్కడ కాస్త పైకి లేచి ఆగుతుంది. గీత మొదటి నుంచి చివరి దాకా ఒకే మందం. ఎక్కడా నొక్కుడు లేదు, వదులుడు లేదు. అంత సన్న గీతతో అంత నిండుగా ఉండటం ఎలా సాధ్యమో నాకు ఆ రోజు అర్థమైంది. మన లిపికి తోకలు కావాలంటే బయటి నుంచి తేనక్కర్లేదు. క్రావడి ఉంది, వట్రసుడి ఉంది, కొమ్ముదీర్ఘం ఉంది. అవి అక్షరంలోని భాగాలు, అతికించిన సోకు కాదు. వాటికి చోటిచ్చి, వాటినే కొంచెం సాగనిస్తే చాలు.

ఇది స్టీలుతో మొదలైంది కూడా కాదు. తాటాకు మీద గంటంతో రాసినప్పుడు గీత అలాగే ఉండేది. అడ్డంగా తిన్నని గీత లాగితే ఆకు ఈనె వెంట చీలుతుందని, అందుకే మన అక్షరాలు గుండ్రపడ్డాయని పెద్దలు చెబుతారు. గంటం గీసింది ముందు కళ్లకు ఆనదు. మసి పూసి తుడిస్తే గాట్లలో నిలిచి అక్షరం బయటపడుతుంది. గంటానికి లావు సన్నం తేడా తెలియదు. మా ఊరి పక్క పానగల్లు పాత గుళ్ల దగ్గర శాసనాలు చూసినప్పుడల్లా నాకు అదే అనిపిస్తుంది. ఆ కాలపు అక్షరాలు తెలుగుకూ కన్నడకూ ఉమ్మడివి, నేను కూడబలుక్కుని కొన్ని మాత్రమే చదవగలను. రాయి మీద కూడా గీత ఒకే మందంలో, వంపు మీద వంపుగా పోతుంది. రాయి, ఆకు, స్టీలు. మూడింటి మీదా మన నాజూకు గాటు పెట్టిన గీతే. ఇంగ్లీషు నాజూకు పాళీ నొక్కుడులో ఉంది. ఈ రెండూ వేరు వేరు పుట్టుకలు. ఒకదాని బట్ట ఇంకోదానికి తొడిగితే కుదరదని నేననేది అందుకే.

చేతిరాత తెలుగు ఫాంటుగా నిలబడదని కాదు. బాపు గారి రాత లేదా? 1933లో నర్సాపురంలో పుట్టి 2014లో పోయిన ఆ మనిషి అక్షరం ఫాంటుగా మారి మన పెళ్లి కార్డుల నిండా ఉంది. బాపు అక్షరం పెట్టమ్మా అని ఫాంటును మనిషి పేరుతో అడిగే కస్టమర్లు నాకున్నారు. అది నాజూకు రాత కాదు, కుంచె దిట్టంగా తిరిగిన చురుకు రాత. అయినా నా వాదనకు అదే సాక్ష్యం. జీవితమంతా తెలుగు రాసిన చెయ్యి అది. ఏ ఇంగ్లీషు ఫాంటునో ముందు పెట్టుకుని గీసింది కాదు. అందుకే నిలిచింది.

మా తరం డీటీపీ వాళ్లం ‘అను’ అనే తెలుగు ఫాంట్లతో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌తో, ‘ఆపిల్’ అనే తెలుగు కీబోర్డు తీరుతో బతికాం. వాటికి రుణపడి ఉన్నాం. కానీ ఆ పద్ధతిలో ఒక ఫాంటుకు మొత్తం 256 గదులే, గదికొక ఆకారం. ముప్పై ఆరు హల్లులకు గుణింతాలే నాలుగు వందలు దాటుతాయి, ఒత్తులు వేరే. అందుకని తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క చేసి అతికేవాళ్లు. క మీదా అదే తలకట్టు, చ మీదా అదే తలకట్టు. లావు అక్షరాల్లో అతుకు కనబడదు. సన్న అక్షరాల్లో దారం ముడిలా కనబడుతుంది. కాకా చేతిలో క తలకట్టు వేరు, చ తలకట్టు వేరు. ఒకటి ఊరికే ఆనుతుంది, ఒకటి కొంచెం కొడుతుంది. ఇప్పుడు యూనికోడ్ ఫాంటులో 65 వేల పైచిలుకు ఆకారాలకు చోటుంది. ప్రతి అక్షరానికీ దాని తలకట్టు దానికి ఇవ్వొచ్చు. గదులు చాలవనే మాట ఇక చెల్లదు.

ఈ విషయంలో ఉర్దూ వాళ్లను చూస్తే నాకు ముచ్చటేస్తుంది. మా ఊళ్లో షాదీ కార్డులు ఒకవైపు ఉర్దూలో వేస్తాం. నస్తాలిక్ అనే ఆ వాలు చేతిరాత తీరును వాళ్లు అచ్చు కోసం వదులుకోలేదు. దశాబ్దాల పాటు పత్రికలు కూడా కాతిబులు, అంటే రాతగాళ్లు, చేత్తో రాస్తేనే అచ్చయ్యాయి. 1981లో మిర్జా అహ్మద్ జమీల్ అనే ఖుష్‌నవీసు, అంటే అందంగా రాసే కళాకారుడు, దాదాపు 20 వేల కూడిక అక్షరాలను రాసి నూరి నస్తాలిక్ అనే ఫాంటు తెచ్చాక గాని కంప్యూటర్ మీదికి పోలేదు. యంత్రమే వాళ్ల చేతి దగ్గరికి వచ్చింది. మన ఊళ్లోనూ అక్షరం మీద ప్రేమ తక్కువేమీ కాదు. 1922లోనే షబ్నవీసు వెంకట రామనరసింహారావు గారు నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక నడిపారు. ఆ ఇంటిపేరు చివర నవీస్ అంటే ఫారసీలో రాసేవాడని అర్థం. ఉర్దూలో నడిచిన నిజాం పాలనలో తెలుగు అచ్చుకు అంత కష్టపడ్డ చోట, ఇవాళ అన్నీ చేతిలో ఉండి మన రాతను మనం ఫాంటులోకి తెచ్చుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది.

సన్న చేతిరాత ఎక్కడ వాడాలో కూడా చెప్పేస్తాను. కార్డు మీద ఇద్దరి పేర్లకు. తొట్టెల ఫంక్షన్ కార్డులో పాప పేరుకు. చీరల షాపు సంచి మీద ఒక్క మాటకు. ఫ్లెక్సీకి అసలు వద్దు, బైకు మీద పోయేవాడికి గీత కనబడదు. దశదిన కర్మ కార్డుకు వద్దు. ఆ కార్డు చదివేవాళ్ల కళ్లు అప్పటికే తడిగా ఉంటాయి, అక్షరం వాళ్లను కష్టపెట్టకూడదు. చుట్టూ ఉండే మామూలు విషయానికి ఏదైనా తేట ఫాంటు చాలు. నేను సురవరం వాడతాను. పాలమూరు గడ్డ బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు పెట్టిన ఉచిత ఫాంటు అది, పత్రికల కోసమని చేసింది, చిన్న సైజులో కూడా ఒత్తులు నిలుస్తాయి.

ఆ నాలుగు రోజుల్లో ఏం చేశానంటే, తెల్ల కాగితం, సన్న పెన్ను తీసుకుని కాకా దగ్గరికి పోయాను.

“బిడ్డా, గిన్నె మీద రాయమంటె రాస్తగని కాయితం మీద నాకు చెయ్యి తిరగదు. ప్లేటు తెచ్చుకో,” అన్నాడు.

పక్క దుకాణంలో అంచు లేని చదును ప్లేటు కొన్నాను. ఆ అమ్మాయి పేరు శ్రీతో మొదలవుతుంది, అది నా అదృష్టం. రెండు పేర్లు రాయడానికి ఆయనకు రెండు నిమిషాలు పట్టలేదు. షాపుకు తెచ్చి ప్లేటు మీద బటర్ పేపరు పరిచి పెన్సిల్ అడ్డంగా రుద్దాను. బూడిద రంగులో తెల్లగా పేర్లు లేచాయి. స్కాన్ చేసి, నలుపు తెలుపు తిరగేసి, గీతను పిసరంత లావు చేసి బ్లాకుకు ఇచ్చాను. ఒకే మందం కాబట్టి ఫాయిల్ ఎక్కడా ఊడలేదు. నాలుగు వందల కార్డుల్లో ఒక్కటి కూడా పక్కన పెట్టాల్సి రాలేదు. తేదీ, ముహూర్తం, ఊరు సురవరంలో, ముదురు ఎరుపులో.

కార్డు తీసుకోవడానికి ఈసారి వాళ్ల నాన్న కూడా వచ్చాడు. కళ్లద్దాలు జేబులోనే ఉన్నాయి, తీయలేదు. కార్డును కిటికీ వైపు పట్టుకుని బిడ్డ పేరు పైకి చదివాడు, తర్వాత అల్లుడి పేరు. “గిది మన గిన్నెల మీది రాత లెక్కనే ఉన్నది గదనే,” అని బిడ్డను చూశాడు. ఆమె ఆ ప్లేటు కూడా ఇమ్మని అడిగింది. ఇచ్చేశాను.

ఆ తర్వాత కాకాను మొత్తం వర్ణమాల రాసిమ్మని అడిగాను. గుణింతాలతో సహా. ఎందుకని అడిగితే, నీ రాతను ఫాంటు చేస్తా అన్నాను. ఫాంట్‌ఫోర్జ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, రాత్రిళ్లు షట్టర్ దించాక దాని మీద కూర్చుంటున్నాను. ఆయనకు అరవై ఏడేళ్లు, మిషను పట్టుకుంటే సాయంత్రానికి వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయంటాడు. అందుకని ఆదివారం ఆదివారం ఒక ప్లేటు మాత్రమే. అచ్చులు అయ్యాయి. క నుంచి ణ దాకా గుణింతాలు అయ్యాయి, ఙ, ఞ తప్ప. అవి రెండూ గిన్నెల మీద ఎన్నడూ రాయలేదట, ముందు బలపంతో నాలుగు సార్లు రాసి చూసుకుంటానన్నాడు. ఒత్తులు ఇంకా మొదలే పెట్టలేదు. ఈ ఆదివారం త గుణింతం, దానికి కొంచెం పెద్ద ప్లేటు కావాలన్నాడు.